కరువు ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి)

హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) పేరు వినని ముస్లిం ఇల్లు ఉండదు. ఆయన కాలంలో గెలిచిన యుద్ధాలు, ఆయన ఇన్సాఫ్ గురించి మన పిల్లలకు కూడా ఎంతో కొంత తెలుసు. అయితే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన వేలాది కుటుంబాలకు ఆయన ఎలా తిండి పెట్టారో, ఆ సాయాన్ని ఏ పద్ధతిలో పంచారో మనం అంతగా చెప్పుకోము. మన సొసైటీ వంటి సంస్థలకు కావలసిన సబఖ్ అంతా అందులోనే ఉంది. కనుక ఈ సంచికలో ఆ సంగతి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన మక్కాలో ఖురైష్ తెగలోని బనూ అదీ వంశంలో, సుమారు 584లో పుట్టారు. చిన్నప్పుడు తండ్రి ఒంటెలు కాశారు. చదవడం, రాయడం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే ఉన్న ఆ రోజుల్లో ఆయన రెండూ నేర్చుకున్నారు. పెద్దయ్యాక వ్యాపారం చేశారు. మొదట ఇస్లాంను గట్టిగా వ్యతిరేకించి, సుమారు 616లో ఇస్లాం స్వీకరించారు. 622లో మక్కా వదిలి మదీనాకు హిజ్రత్ చేశారు. పుట్టిన ఊరు, ఆస్తి వదిలి వచ్చిన ముహాజిర్లకు మదీనా అన్సార్లు తమ ఇళ్లల్లో, తోటల్లో భాగం ఇచ్చారు. అంటే పరాయి ఊళ్లో తలదాచుకోవడం అంటే ఏమిటో ఆయన అనుభవించి తెలుసుకున్న మనిషి. 634లో హజ్రత్ అబూబక్ర్ (రజి) మరణం తర్వాత ఖలీఫా అయ్యారు.

హిజ్రీ 18వ సంవత్సరంలో, అంటే 639లో, అరబ్బు దేశంలో ఘోరమైన కహత్ వచ్చింది. దాదాపు తొమ్మిది నెలలు వాన చుక్క లేదు. గాలి వీస్తే నేల బూడిదలా లేచేదట. అందుకే దానికి ఆముర్రమాదా, అంటే బూడిద సంవత్సరం అని పేరు పడింది. పశువులు చచ్చాయి. ఎడారిలోని కబీలాలు గుడారాలు పీకి, పిల్లాజెల్లాతో మదీనా దారి పట్టాయి. ఊరి నాలుగు వైపులా వాళ్ల బసలు వెలిశాయి.

హజ్రత్ ఉమర్ (రజి) ముందు సిరియా, ఇరాక్ మొదలైన చోట్ల ఉన్న అధికారులకు ఉత్తరాలు రాశారు. సిరియా నుంచి హజ్రత్ అబూ ఉబైదా (రజి) స్వయంగా 4,000 ఒంటెల మీద ధాన్యం తెచ్చారని తబరీ రాశారు. ఖర్చుల కింద ఖలీఫా 4,000 దిర్హమ్‌లు ఇవ్వబోతే ఆయన మొదట వద్దన్నారు. అల్లాహ్ కోసం చేసిన పనికి డబ్బెందుకు అన్నది ఆయన భావం. అడగకుండా వచ్చిన దాన్ని తీసుకోవడంలో తప్పు లేదని ఖలీఫా నచ్చజెప్పాక తీసుకున్నారు. ఇచ్చేవారు ఎగ్గొట్టలేదు, పుచ్చుకునేవారు ఆశపడలేదు. ఆ ఏడాదే అమవాస్ ప్లేగులో అబూ ఉబైదా (రజి) కన్నుమూశారు.

ఇక పంపిణీ సంగతి. సరుకు వచ్చినంత మాత్రాన ఆకలి తీరదు, అది మనిషి నోటిదాకా చేరాలి. బసలు ఉన్న ఒక్కో దిక్కుకు ఒక్కో బాధ్యుణ్ణి పెట్టారు. రోజూ సాయంత్రం ఆ బాధ్యులు ఖలీఫా దగ్గర కూడి ఆ రోజు జరిగినదంతా చెప్పుకునేవారు. తెల్లవారక ముందే పెద్ద పెద్ద డేగ్చాలు పొయ్యి మీదికి ఎక్కేవి. ఒక రాత్రి, భోజనానికి వచ్చినవాళ్లను లెక్కపెట్టమన్నారు. 7,000 మంది తేలారు. ఆయన అంతటితో ఆగలేదు. రాలేకపోయినవాళ్లను, అంటే జబ్బుపడినవాళ్లను, పిల్లలను కూడా లెక్కపెట్టమన్నారు. 40,000 మంది తేలారు. కొన్నాళ్లకు ఆ లెక్కలు 10,000, 50,000 అయ్యాయని ఇబ్నె సాద్ రాశారు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. వరసలో నిలబడినవాణ్ణి లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. గుడారంలో లేవలేక పడున్న ముసలమ్మను, పసిబిడ్డను వదిలి రాలేని తల్లిని ఎవరు లెక్కపెడతారు? ఆ రాత్రి 7,000 దగ్గరే పుస్తకం మూసేసి ఉంటే మిగతా 40,000 మంది గతి ఏమయ్యేది?

అంత చేసినా చాలామంది చనిపోయారు. వాళ్లకు కఫన్లు పంపించి, జనాజా నమాజులు తానే చదివించారు.

తన తిండి విషయంలో ఆయన ఎంత గట్టిగా ఉన్నారో చూడండి. జనానికి మంచి రోజులు వచ్చేదాకా నెయ్యి, పాలు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. రొట్టె, నూనెతోనే గడిపారు. ఎర్రగా ఉండే మనిషి నల్లబడిపోయారు. ఒకసారి నౌకరు బజారులో 40 దిర్హమ్‌లు పెట్టి నెయ్యి, పాలు కొని తెస్తే, అంత ఖర్చు ఎందుకని మందలించి, అవి దానం చేసేయమన్నారు. ఇంట్లో ఒక పిల్లవాడి చేతిలో పుచ్చకాయ కనబడితే, ఉమ్మత్ ఆకలితో మాడుతుంటే నీకు పండు కావలసి వచ్చిందా అని కోప్పడ్డారట. పంచే సరుకు చేతిలో ఉన్నవాడి ఇంటివైపే అందరి కళ్లూ ఉంటాయని ఆయనకు బాగా తెలుసు.

ఆ ఏడాది జకాత్ వసూలు ఆపించారు. ఆకలికి తాళలేక దొంగతనం చేసినవాడికి చేయి నరికే శిక్ష కూడా ఆపారు. చివరికి ప్రవక్త (స) గారి బాబాయి హజ్రత్ అబ్బాస్ (రజి) ను వెంటబెట్టుకుని వాన కోసం దుఆ చేశారు. వాన కురిసింది. అప్పుడు కూడా ఇక పొండి అని ఊరుకోలేదు. దారికి తిండి, ఎక్కడానికి వాహనాలు ఇచ్చి, దగ్గరుండి వాళ్లను సొంత నేలకు పంపించారు. మళ్లీ ఇలాంటి కష్టం రాకూడదని, ఈజిప్టు విజయం తర్వాత నైలు నది నుంచి ఎర్ర సముద్రానికి పాత కాలువను తిరిగి తవ్వించారు. దాని ద్వారా ధాన్యం ఓడల్లో అరబ్బు తీరానికి చేరేది.

సుమారు 641లో దీవాన్ ఏర్పాటు చేశారు. అంటే ఎవరికి బైతుల్‌మాల్ నుంచి ఎంత వజీఫా అన్నది రాసే దఫ్తర్. తన పేరు, తన వంశం ముందు రాయబోతే ఒప్పుకోలేదు. ప్రవక్త (స) గారి బంధువులతో మొదలుపెట్టి, తన వంశం వంతు ఎక్కడ వస్తే అక్కడే రాయమన్నారు. తన కొడుకు అబ్దుల్లాహ్‌కు ఉసామా బిన్ జైద్ కంటే తక్కువ రాయించారు. కొడుకు ఎందుకని అడిగితే, ఉసామా అంటే ప్రవక్త (స) గారికి ఎక్కువ ప్రేమ అని జవాబిచ్చారు.

ఆ దఫ్తర్‌లో మొదట పాలు మానిన పిల్లలకే వజీఫా అని నియమం ఉండేది. ఒక రాత్రి ఊరి బయట దిగిన బిడారానికి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) తో కలిసి కాపలా కాస్తుండగా ఒక పసివాడి ఏడుపు ఆగకుండా వినిపించింది. మూడుసార్లు వెళ్లి తల్లిని అడిగారు. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. పాలు మానితేనే ఉమర్ డబ్బు ఇస్తాడని, అందుకే వేళ కాకుండానే మాన్పిస్తున్నానని విసుక్కుంటూ చెప్పింది. తెల్లవారి ఫజర్ నమాజులో ఆయన ఏడుపు వల్ల ఖిరాఅత్ జనానికి సరిగా వినబడలేదట. తన నియమం ఎందరు పసివాళ్ల ఉసురు తీసిందోనని కుమిలిపోయి, పుట్టిన రోజు నుంచే ప్రతి బిడ్డకూ వజీఫా అని అన్ని ప్రాంతాలకూ చాటించారు. అంత పెద్ద రాజ్యానికి ఖలీఫా అయి ఉండి, తన నియమంలో తప్పుందని తెలిసిన పూటే మార్చారు. పరువు పోతుందని చూడలేదు.

644లో కత్తిపోటుకు గురై షహీద్ అయ్యారు. మరణశయ్య మీద తన అప్పు లెక్క చూడమంటే 86,000 దిర్హమ్‌లు తేలింది. బైతుల్‌మాల్ మీద వేయమనలేదు. ముందు తన ఆస్తితో తీర్చమని, చాలకపోతే తన వంశంవారిని, తర్వాత ఖురైష్‌ను అడగమని, అంతకు మించి వెళ్లవద్దని కొడుక్కు చెప్పారు.

సోదర సోదరీమణులారా! వరద వచ్చినా, అల్లర్లు జరిగినా, ఇల్లు పోయిన కుటుంబాలు మన ఆఫీసు మెట్లు ఎక్కుతాయి. అప్పుడు లిస్టు మన చేతిలో ఉంటుంది. రేషన్ కార్డు నీళ్లలో కొట్టుకుపోయిన మనిషిని రేషన్ కార్డు ఏదని గద్దించే ముందు ఆ పసివాడి ఏడుపు గుర్తు తెచ్చుకుందాం. మనవాళ్ల పేర్లు పైకి రాయబోయే ముందు ఆ దీవాన్‌ను గుర్తు తెచ్చుకుందాం. జాలి ఉంది కదా అని లెక్క రాయకపోవడం ఎంత తప్పో, లెక్క సరిపోయింది కదా అని మనిషిని చూడకపోవడం కూడా అంతే తప్పు. ఈ ధనం అమానత్. దీనికి ఇక్కడ ఆడిటరు ఉంటారు, అక్కడ అల్లాహ్ ఉన్నాడు. మనందరికీ ఆయన సరైన తౌఫీఖ్ ప్రసాదించు గాక. ఆమీన్.