నమ్మకమే పెట్టుబడి – కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు

‘దేశోద్ధారక’ బిరుదాంకితులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. మద్రాసులో విద్యాభ్యాసం ముగించి, కలకత్తాలో ఔషధ వ్యాపారపు మెళకువలు గ్రహించి, బొంబాయి చేరారు. అక్కడే 1893లో అమృతాంజనం సంస్థను స్థాపించారు.

ఊరు కొత్త, మందు కొత్త. ఎవరు నమ్మి కొంటారు? పంతులుగారు సంగీత సభలకు వచ్చే శ్రోతలకు ఆ మందును ఉచితంగా పంచిపెట్టారు. గుణం తెలిసినవారు తరువాత అడిగి కొన్నారు. అనతికాలంలోనే అమృతాంజనం ఇంటింటి మందైంది.

ఆ రాబడిని ఆయన జాతి సేవకు వెచ్చించారు. ప్రవాసాంధ్రుల నడుమ, బొంబాయిలోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో మద్రాసు నుండి దాన్ని దినపత్రికగా నడిపారు. 1924లో ‘భారతి’ మాసపత్రికను ఆరంభించారు. చేయి చాచిన వారికి లేదనని దాతగా ‘విశ్వదాత’ అనిపించుకొన్నారు. ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసమూ అనుభవించారు.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడితే తమకు న్యాయం జరుగుతుందా అని రాయలసీమవాసులు సందేహిస్తున్న కాలమది. 1937 నవంబరు 16న ఇరుప్రాంతాల నాయకులు మద్రాసులో సమావేశమై ఒడంబడిక చేసుకొన్నది పంతులుగారి గృహం ‘శ్రీబాగ్’లోనే. రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకొనే హక్కు సీమకు దక్కింది. 1953లో కర్నూలు రాజధాని కావడానికి ఆ ఒప్పందమే ఆధారం.

పంతులుగారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. ముందు ఇచ్చి, పిదప పుచ్చుకోవడం ఆయన వర్తకనీతి. పొరుగు రాష్ట్రాలలో బ్రతుకుతెరువు వెదుక్కొనే మనవారికి అది నేటికీ అనుసరణీయం.