భాస్వరం లెక్క తేల్చిన భీమవరం డాక్టరు

రాత్రిపూట మన జ్యోతినగర్‌లో దీపాలకు కొదవ లేదు. వాటి పక్కన నడిచే మనిషి ఒంట్లోంచి కూడా వెలుగు వస్తుందంటే పిల్లలు నవ్వుతారు. అయినా అది నిజం. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు కటిక చీకటి గదిలో ప్రత్యేక కెమెరాతో దాన్ని ఫోటో తీశారు. అది మన కంటికి ఆనేదానికి వెయ్యో వంతు మాత్రమే; సాయంత్రం నాలుగింటి వేళ ఎక్కువ, ముఖం మీద మరీ ఎక్కువ. తిన్న తిండి కణాల్లో ఆక్సిజన్‌తో కలిసి శక్తినిచ్చేటప్పుడు పుట్టే మిణుకులవి. ఆ శక్తి గుట్టు విప్పినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. (మార్కుల షీటు చేతిలో ఉన్న తల్లిదండ్రులు ఇక్కడ కాసేపు ఆగవచ్చు.) మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగారు. అది దొర ప్రొఫెసరుకు గిట్టలేదు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టా దక్కింది. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు.

భార్య శేషగిరిని ఇంటి దగ్గర వదిలి అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో రాత్రి పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆయన గొప్పతనానికి ఆమె చెల్లించిన మూల్యం మన పాఠాల్లో ఎక్కడా కనిపించదు.

1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. నీలిరంగు ఎంత చిక్కబడితే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ దారిలోనే 1929లో కండరాల్లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. బొగ్గు నేరుగా బల్బును వెలిగించదు, కరెంటుగా మారాలి. మన అన్నం బొగ్గయితే ఏటీపీ కరెంటు. మిణుగురు వెలగాలన్నా అదే కావాలని 1947లో మెకెల్రాయ్ చూపారు. మిణుగురు రసాయనంతోనే ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో బల్లల శుభ్రత పరీక్షిస్తారు: మురికిలో ఏటీపీ ఉంటే వెలుగు కనబడుతుంది.

మరి ఒంటి వెలుగును చూసి జబ్బు చెప్పవచ్చా? పరిశోధనలు సాగుతున్నాయి గానీ, ఆస్పత్రి పరీక్షగా ఇంకా స్థిరపడలేదు. ఆరా ఫోటో తీసి రోగం చెబుతామనేవారికి డబ్బు ఇవ్వకండి.

1940లో సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందయింది. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో పంచే డీఈసీ బిళ్ల కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు.