అమ్మ కూలి – బాబాసాహెబ్ బాట

పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి పోయిన సెలవుల్లో మాలో చాలామందిమి కూలికి పోయినవాళ్లమే. మన చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో టమాట, క్యారెట్, పూల తోటలు ఉన్నాయి కాబట్టి పనికి కొదవ లేదు. ఇరవై ఏండ్లుగా కలుపు తీస్తున్న అమ్మకు ఒక కూలి. మొన్న వచ్చిన కొడుక్కు అంతకంటే ఎక్కువ కూలి. ఆ సాయంత్రం డబ్బులు చేతిలో పెట్టుకొని అమ్మ ముఖం చూడలేకపోయాం. అందుకే ఈ సంచికలో బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితాన్ని ఆ కూలి వైపు నుంచి చెప్పుకుందాం.

ఆయన 1891 ఏప్రిల్ 14న మహూలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి భీమాబాయిని కోల్పోయారు. భార్య రమాబాయి తండ్రి దాభోల్ రేవులో చేపల గంపలు మోసిన కూలీ. కాబట్టి కష్టం విలువ ఆయనకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివారు. తర్వాత లండన్‌లోనూ చదివి డాక్టరేటు పొందారు. తిరిగివచ్చి మనలాంటి పిల్లల కోసం 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిపించారు.

1928లో బొంబాయి శాసనమండలిలో, కార్మిక స్త్రీలకు ప్రసవ సమయంలో సెలవు, భత్యం ఇవ్వాలన్న బిల్లును బలపరిచారు. మరుసటి ఏడే అది చట్టమైంది. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులయ్యారు.

అప్పుడే ఆయనకు ఒక పరీక్ష ఎదురైంది. యుద్ధకాలంలో బొగ్గు కొరత వచ్చి, ఆడవాళ్లను గని లోపలికి దింపరాదన్న నిషేధాన్ని 1943లో ప్రభుత్వం ఎత్తివేసింది. మహిళా సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ప్రభుత్వం తరఫున సభలో జవాబు చెప్పాల్సింది అంబేద్కరే. యుద్ధం వల్ల తప్పలేదని ఆయన ఆ నిర్ణయాన్ని సమర్థించారు. కానీ గనిలో దిగిన స్త్రీకి మగవాడితో సమానంగా కూలి ఇవ్వాలన్న నియమం పెట్టామని 1944లో సభకు తెలిపారు. 1946లో ఆ నిషేధం మళ్లీ అమలులోకి వచ్చింది. ఆ ఏడాదే కనీస వేతనాల బిల్లును ఆయన సభలో ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది.

తర్వాత ఆయన రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షులయ్యారు. స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అన్న మాట రాజ్యాంగం 39వ అధికరణలో ఉంది. కానీ అది ఆదేశిక సూత్రం. దాన్ని అమలు చేయమని నేరుగా కోర్టుకు పోలేం. అందుకోసం సమాన వేతన చట్టం రావడానికి 1976 దాకా పట్టింది. 2019 వేతనాల కోడ్‌లో అది కలిసిపోయింది. ఇదంతా చూడకుండానే 1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ కన్నుమూశారు.

మరి చట్టం ఉన్నా మన చేలల్లో తేడా ఎందుకు మిగిలింది? మందు కొట్టడం, మూటలు మోయడం మగవాళ్ల పని అన్నారు. కలుపు, నాట్లు, పూలు కోయడం ఆడవాళ్ల పని అన్నారు. పని వేరు కాబట్టి కూలి వేరు అన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం వంచిన కష్టాన్ని తేలిక పని అని లెక్కగట్టారు. 2006లో ఉపాధి హామీ పనులు మొదలైనప్పుడు ఆడ, మగ అందరికీ ఒకే రేటు కట్టారు. ఒకే రేటు ఇవ్వడం సాధ్యమేనని మన అమ్మలు అక్కడ కళ్లారా చూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవుల్లో గుత్తకు పని పట్టుకుంటే వచ్చిన డబ్బు ఆడ, మగ తేడా లేకుండా పంచుకుందాం. ఈ హాస్టల్ అన్నం తిని ఉద్యోగాలు చేస్తున్న అన్నలారా, అక్కలారా! మీరు ఇల్లు కట్టించేటప్పుడో, చేను చేయించేటప్పుడో కూలీలను పిలుస్తారు. ఆ సాయంత్రం ఆమె చేతిలో, అతని చేతిలో పెట్టే కూలిని ఒక్కసారి పోల్చి చూడండి. బాబాసాహెబ్ ఫోటోకు మనం వేసే దండకు పూలు కోసింది కూడా ఒక అమ్మే.