దాస్యము నుండి దైవవాక్య సేవకు: బిషప్ శామ్యూల్ అజాయి క్రౌథర్

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున ఒకే వీధిలో నాలుగైదు భాషలు వినవచ్చును. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలము మొదలుకొని ఉత్తర కోస్తా ప్రాంతముల నుండి పనికై వలస వచ్చిన తెలుగు కుటుంబములు అచ్చట తరతరములుగా నివసించుచున్నవి. వర్క్‌షాపులో హిందీ, బజారులో బెంగాలీ, ఇంటిలో తెలుగు. అయినను దుఃఖవేళ ప్రార్థింప మోకరించినప్పుడు నోట వచ్చునది తల్లి నేర్పిన మాటయే. ఇట్లు పలు భాషల నడుమ జీవించు తెలుగు విశ్వాసులు దేశమంతటను కలరు. తన తల్లిభాషలో దైవగ్రంథమును నిలిపిన నైజీరియా దైవజనుడు శామ్యూల్ అజాయి క్రౌథర్ చరిత్ర వారికి దూరపు కథ కాదు.

అజాయి 1809 ప్రాంతమున నేటి నైజీరియా పశ్చిమ భాగమందలి ఒషోగున్ అను ఊరిలో యొరుబా కుటుంబమున జన్మించెను. 1821లో ఒక ఉదయమున దోపిడిగాండ్రు ఆ ఊరిపై పడి దానిని తగులబెట్టి, తల్లులను పిల్లలను త్రాళ్లతో కట్టి తీసికొనిపోయిరి. పండ్రెండేండ్ల ప్రాయమున అజాయి తల్లికి దూరమయ్యెను. ఒకసారి అతనిని గుఱ్ఱమునకు మారుగా ఇచ్చివేసిరి; ఆ బేరము నచ్చకపోగా మరల వెనుకకు త్రిప్పిరి. చేతులు మారుచు తుదకు పోర్చుగీసు వర్తకుల ఓడ చేరెను. యోసేపును అన్నలు అమ్మివేసిన వృత్తాంతము మనకు తెలిసినదే. ఈ బాలునకు ఆ వృత్తాంతము కూడ తెలియదు, ఓదార్పు చెప్పువారును లేరు.

1822 ఏప్రిల్ 7న బానిస వ్యాపారమును అడ్డగించుచున్న మిర్మిడన్ అను బ్రిటిష్ యుద్ధనౌక ఆ ఓడను పట్టుకొనెను. విడుదల పొందినవారిని సియెర్రా లియోన్ దేశపు ఫ్రీటౌన్‌లో దింపిరి. అజాయి ఆరు నెలలలోనే చదువ నేర్చెను. 1825 డిసెంబరు 11న బాప్తిస్మము పొంది శామ్యూల్ క్రౌథర్ అను పేరు ధరించెను. 1827లో నూతనముగా స్థాపింపబడిన ఫౌరా బే విద్యాలయమున తొలి విద్యార్థులలో ఒకడాయెను. తరువాత ఉపాధ్యాయుడై, తనవలెనే బానిస ఓడ నుండి విడిపింపబడిన సూసన్‌ను వివాహమాడెను.

1841లో నైజర్ నదిపై పంపబడిన యాత్రలో చర్చి మిషనరీ సంఘము పక్షమున అతడు పాల్గొనెను. జ్వరము వలన ఆ యాత్రలో యూరోపీయులనేకులు మరణించిరి. ఆఫ్రికాకు సువార్త ఆఫ్రికనుల ద్వారానే అందవలెనను తలంపు అప్పుడు బలపడెను. 1843లో క్రౌథర్ ఇంగ్లండులో గురువుగా అభిషేకింపబడెను. ఆ సంవత్సరమే అతని యొరుబా పదకోశము వెలువడెను.

1846లో అతడు అబెయోకుటా పట్టణము చేరెను. ఇరువదియైదు సంవత్సరముల ఎడబాటు పిమ్మట ఆగస్టు 21న తల్లి అఫాలాను అచ్చట కలిసికొనెను. ఇరువురును మాటలు రాక ఒకరినొకరు చూచుచు కన్నీరు కార్చిరి. 1848లో ఆమె బాప్తిస్మము పొంది హన్నా అను పేరు ధరించెను. శామ్యూలు తల్లికి అంతకంటె తగిన పేరేది?

క్రౌథర్ అనువాదకునిగా చేసిన పనిని మనము ప్రత్యేకముగా గమనింపవలెను. అదే బెంగాలు నేలపై సీరాంపూర్‌లో 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయ్యెను. అచ్చట అన్యదేశీయులు పండితుల తోడ్పాటుతో పరభాషను అభ్యసించి అనువదించిరి. క్రౌథర్ అయితే తాను పుట్టిన భాషలోనికే అనువదించెను. అయినను తనకు తెలిసిన మాట చాలునని తలంపలేదు. వృద్ధుల యొద్ద కూర్చుండి సామెతలను, పలుకుబడులను, స్వరభేదములను వ్రాసికొనెను. యొరుబాలో స్వరము మారిన అర్థమే మారును. పరలోకమునకు యజమానుడను అర్థము గల ఓలోరున్ అను దేశీయ నామమే దేవునికి వాడబడెను. సాతానునకు ఎషు అను సంప్రదాయ దేవత పేరు వాడుట సరియైనదా అను చర్చ నేటికిని కలదు. పరిశుద్ధమైన పని చేయువాడును పొరబాటునకు అతీతుడు కాడు.

1862లో అతని ఇల్లు అగ్నికి ఆహుతియయ్యెను. పదకొండు సంవత్సరములుగా కూర్చిన భాషా సంగ్రహము, కొన్ని అనువాద ప్రతులు బూడిదయ్యెను. అనువాదము చేసినవారికే ఆ నష్టము ఎంతటిదో బోధపడును. అతడు మరల కలము పట్టెను. ఇతరుల సహకారముతో సంపూర్ణ యొరుబా బైబిలు 1880 దశకమున వెలువడెను.

1864 జూన్ 29న కాంటర్‌బరీలో అతడు బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నలంకరించిన తొలి ఆఫ్రికనుడు అతడే. మన దేశములో 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకింపబడి తెలుగునాట దోర్నకల్‌కు వచ్చిన నాటికి అది నలువదియెనిమిది సంవత్సరముల ముందటి మాట.

అయితే అంత్యదశ చేదుగా గడచెను. 1890లో యౌవనులైన కొందరు యూరోపియన్ మిషనరీలు నైజర్ మిషనులో అధికారము వహించి, క్రౌథర్ నియమించిన ఆఫ్రికన్ సేవకులపై నేరములు మోపి పలువురిని తొలగించిరి. కొన్ని లోపములు నిజముగనే యుండవచ్చును. కాని ఎనుబదేండ్ల బిషప్పును ప్రక్కకు నెట్టిన తీరు న్యాయమైనది కాదు. అతడు ఆ మిషను ఆర్థిక సమితి నుండి వైదొలగెను. 1891 డిసెంబరు 31న లాగోస్‌లో కన్నుమూసెను. అతని స్థానమున యూరోపీయుడే నియమింపబడెను. 2014లో, అభిషేకమునకు నూటయేబది సంవత్సరములు నిండిన ఆరాధనలో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆ అన్యాయమునకు క్షమాపణ కోరెను. ఒప్పుకొనుటకు సంఘమునకు నూట ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను.

మనుష్యులు అతని అధికారమును తగ్గింపగలిగిరి గాని అతడు నాటిన అక్షరమును పెరికివేయలేకపోయిరి. అతని పనివలన స్థిరపడిన యొరుబా వ్రాతపైననే తరువాతి సాహిత్యము పెరిగెను. డి. ఓ. ఫగున్వా 1938లో యొరుబాలో నవల ప్రచురించెను. అబెయోకుటాలో పెరిగిన వోలే సోయింకా దానిని ఆంగ్లీకరించి, 1986లో నోబెల్ బహుమానము పొందెను. 1857లో క్రౌథర్ బృందము ఒనిత్షాలో ప్రారంభించిన మిషను ప్రాంతములోనే, ఉపదేశకుని కుమారుడుగా చినువా అచెబె జన్మించెను. 1958లో వెలువడిన అతని తొలి నవల లోకమంతట చదువబడుచున్నది. మిషను తెచ్చిన మేలును, అది కలిగించిన గాయమును ఆ గ్రంథము దాచక చూపును. క్రౌథర్ జీవితమునకును ఆ రెండు ముఖములు కలవు.

పరభాషా పట్టణములలో పెరుగు మన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని తెలుగు చదువుట అరుదగుచున్నది. బానిసగా అమ్మబడిన బాలుడు తల్లిని పోగొట్టుకొనియు తల్లిభాషను పోగొట్టుకొనలేదు. తుదకు ఆ భాషలోనే ఆ తల్లికి సువార్త నందించెను. ఇంటిలో ఆ గ్రంథము తెరచి, వ్రేలుంచి ఒక్కొక్క అక్షరమును బిడ్డకు చూపు తల్లిదండ్రులు అతని పరిచర్యలో పాలివారగుదురు.