దొరతనాన్ని నవ్వులపాలు చేసిన సుద్దాల హనుమంతు
పాట నిలిచింది.. హాస్యం మరుగున పడింది
అక్టోబరు 10 ఆయన వర్ధంతి

భువనగిరి: పశువులు కాసే జీతగాడైన బాలుని దైన్యాన్ని పాటగా మలచిన కవిగా సుద్దాల హనుమంతు తెలుగువారందరికీ సుపరిచితులు. అయితే భుజాన గొంగడి వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గ్రామ కూడళ్లలో జనాన్ని కడుపుబ్బ నవ్వించిన హాస్య కళాకారుడు కూడా ఆయనేనన్న సంగతి క్రమేణా మరుగున పడుతోంది. దొర ఎదుట తల ఎత్తడానికే జంకిన నిజాం కాలపు పల్లెల్లో ఆ దొరను తలచుకుని నలుగురిలో నవ్వడం సామాన్య విషయం కాదు. ఆ నవ్వును సంఘం రాజకీయాలకు ఊతంగా మలచిన కళాకారుల్లో హనుమంతు అగ్రగణ్యులు.

మోత్కూరు మండలం పాలడుగు గ్రామంలో 1910 ప్రాంతంలో ఒక చేనేత కుటుంబంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు లక్ష్మీనరసమ్మ, బుచ్చిరాములు. తండ్రి ఆయుర్వేద వైద్యులు. చిన్ననాటి నుంచే హరికథలు, యక్షగానాలపై మక్కువ పెంచుకున్న హనుమంతు, బతుకుదెరువు కోసం హైదరాబాద్ వెళ్లి చిరుద్యోగం చేశారు. అక్కడే ఆర్యసమాజ భావాలు ఆయనను ఆకర్షించాయి. అనంతరం గుండాల మండలం సుద్దాలలో స్థిరపడగా, ఆ ఊరి పేరే ఇంటిపేరైంది.

భువనగిరి సభతో మలుపు

1944లో భువనగిరిలో జరిగిన పదకొండవ ఆంధ్రమహాసభకు బొల్లేపల్లి వాస్తవ్యులు రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించారు. సభ్యత్వ రుసుమును నాలుగణాల నుంచి అణాకు తగ్గించింది ఈ సభతోనే. మితవాదులు దూరంగా ఉండిపోగా, రైతులు, కూలీలు, చేతివృత్తులవారు సంఘంలోకి తరలివచ్చారు. ఈ సభకు వాలంటీరుగా వచ్చిన హనుమంతు, తిరిగి వెళ్లాక సుద్దాలలో సంఘ నిర్మాణానికి పూనుకున్నారు. ఆ గ్రామానికే చెందిన గుర్రం యాదగిరిరెడ్డి ఆయనకు ఉద్యమ సహచరులు. యాదగిరిరెడ్డి తదనంతర కాలంలో రామన్నపేట నుంచి మూడు పర్యాయాలు శాసనసభకు ఎన్నికయ్యారు.

వెట్టిచాకిరీ, నాగులు, లేవీ ధాన్యం వంటి పీడలపై ఉపన్యాసం చెబితే చదువురాని జనం ఎంతసేపు వింటారు? రాత్రిపూట పని ముగించుకుని వచ్చినవారిని కూర్చోబెట్టాలంటే వారికి పరిచయమైన ఆటపాటలే శరణ్యమని సంఘం గ్రహించింది. కోస్తా జిల్లాల్లో నాజర్ బుర్రకథను అదే బాటలో నడిపారు. ఇక్కడ హనుమంతు బుర్రకథతో పాటు గొల్లసుద్దులను, పిట్టలదొర వేషాన్ని చేపట్టారు.

గొల్లసుద్దులు యాదవ కులస్థుల కళారూపం. కాటమరాజు కథ చెప్పేవారి సొత్తు. ప్రధాన కథకుడు చేతికర్రతో ముందుకూ వెనుకకూ అడుగులు వేస్తూ కథ నడుపుతుంటే, పక్కనున్న వంతగాళ్లు ఏమీ తెలియనట్లు అడ్డు ప్రశ్నలు వేస్తారు. ప్రశ్న అమాయకంగా ఉంటుంది, జవాబు చురుక్కుమనిపిస్తుంది. దొర పేరెత్తకుండానే ఎవరి గురించి చెబుతున్నారో ఊరంతటికీ అర్థమయ్యే వెసులుబాటు ఈ ప్రక్రియలోనే ఉన్నది. పద్మశాలి ఇంట పుట్టిన కళాకారుడు గొల్లవారి గొంగడి కప్పుకుని ఊరి ముందు నిలవడం ఆనాటి కుల కట్టుబాట్ల దృష్ట్యా గమనించదగిన విషయం.

పిట్టలదొర సంగతి మరీ విలక్షణం. తుపాకిరాముడు, లత్కోర్ సాబ్ అని కూడా వ్యవహరించే ఈ వేషధారి ఖాకీ దుస్తులు, పాత టోపీ, కట్టె తుపాకితో ఒంటరిగా నిలబడి ఆకాశానికి నిచ్చెనలు వేసే కోతలు కోస్తాడు. ఇప్పుడు నగరాల్లో మైకు ముందు ఒక్కరే నిలబడి నవ్వించేవారిని స్టాండప్ కమెడియన్లు అంటున్నారు గానీ, తెలంగాణ పల్లెకు ఆ విద్య ఏనాడో తెలుసు. అధికారం, తుపాకి రెండూ ఉత్తుత్తివేనని చూపే ఈ వేషానికి నిజమైన తుపాకులు తిరుగుతున్న కాలంలో ఎంతటి పదును వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

నవ్వు వెనుక ప్రమాదం

ఆ కాలం కళాకారులకు భద్రమైనది కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాలకు బలయ్యారు. ఆపై సాయుధ పోరాటం, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య వెంటవెంటనే సాగాయి. పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసినా కమ్యూనిస్టులపై నిర్బంధం ఆగలేదు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. ఆ రోజుల్లో సంఘం పాట పాడినవారు కూడా తుపాకి పట్టినవారితో సమానంగా ముప్పును ఎదుర్కొన్నారు.

పాట నోటి నుంచి నోటికి పాకి నిలుస్తుంది. ఊరిని బట్టి, ఎదుట కూర్చున్నవారిని బట్టి అప్పటికప్పుడు అల్లే హాస్యం ఆ రాత్రితోనే ముగిసిపోతుంది. హనుమంతు విషయంలో జరిగింది ఇదే. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో నిర్మించిన మా భూమి చిత్రంలో చేరిన పల్లెటూరి పిల్లగాడా పాట ఆయనను కొత్త తరానికి చేరువ చేసింది. ఆయన సుద్దులకు అటువంటి అవకాశం దక్కలేదు.

క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నా చివరి రోజుల్లో ఆయన వీర తెలంగాణ యక్షగాన రచనకు పూనుకున్నారు. అది పూర్తికాకుండానే 1982 అక్టోబరు 10న కన్నుమూశారు. ఆయన కుమారుడు, సినీ గేయ రచయిత సుద్దాల అశోక్‌తేజ ఠాగూర్ చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. తల్లిదండ్రులు హనుమంతు, జానకమ్మల పేరిట ఆయన 2010లో పురస్కారాన్ని నెలకొల్పి ప్రజాకవులను, కళాకారులను సత్కరిస్తూ వచ్చారు. 2016 పునర్విభజనలో జనగామ జిల్లాకు వెళ్లిన గుండాల మండలం అనంతరం యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరడంతో, హనుమంతు పుట్టిన పాలడుగు, పేరుగాంచిన సుద్దాల మళ్లీ ఒకే జిల్లా పరిధిలోకి వచ్చాయి.