తిరుపతిలో ఒక్క రోజు 833 ఆపరేషన్లు: కళ్ళ డాక్టర్ మోదీ

శిడ్లఘట్టలో చూపు తగ్గిన సంగతి ముందు పట్టునూలు తీసే తొట్టి దగ్గరే బయటపడుతుంది. వేడినీళ్ళలో తేలే గూటి నుంచి పోగు కొస పట్టుకోవాలి. నిన్నటిదాకా చిటికెలో పట్టిన అవ్వ చేతికి ఇవాళ అది దొరకదు. కంట్లో పొర వచ్చిందంటారు. ఆపరేషన్ ఎప్పుడని మేము అడిగితే చాలా ఇళ్ళలో ఒకటే జవాబు: పొర ఇంకా ముదరలేదు, ముదిరాక చేయిస్తాం.

ఆ మాట ఒకప్పుడు సరైనదే. ఇప్పుడు కాదు. ఎందుకో తెలియాలంటే డాక్టర్ ఎం.సి. మోదీ కథ తెలియాలి.

ఈ పేరు వినగానే పిల్లలకు వేరొకరు గుర్తొస్తారు. ఈయన మన కర్ణాటక వారే. పూర్తి పేరు మురుగప్ప చన్నవీరప్ప మోదీ. 1916లో ఉత్తర కర్ణాటకలోని బీళగిలో పుట్టారు. అది ఇప్పుడు బాగల్‌కోటె జిల్లాలో ఉంది. వైద్యం చదివి, గాంధీజీ ప్రభావంలో పడి, కంటి జబ్బులున్న పేదల దగ్గరకు తానే వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. 1943 నుంచి ఊరూరా ఉచిత కంటి శిబిరాలు పెట్టారు. అప్పట్లో కంటి డాక్టరు పెద్ద నగరంలోనే ఉండేవాడు. చూపు లేని మనిషిని బండి కట్టి అంత దూరం తీసుకుపోయేవాళ్ళు తక్కువ. పొర వస్తే ఇంట్లో ఒక మూల కూర్చోవడమే, అంతే.

మోదీ శిబిరాలు ఈ లెక్క మార్చాయి. ఊరికి డాక్టరే వస్తాడు. ఒకరి తరువాత ఒకరిని బల్ల మీద పడుకోబెట్టి సిద్ధం చేయడం సహాయకుల పని, కత్తి పట్టడం ఆయన పని. 1968లో తిరుపతిలో ఒకే రోజు 833 శుక్లం ఆపరేషన్లు చేశారు. ఆ సంఖ్య గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మన చింతామణి, మదనపల్లె మీదుగా బస్సు వెళ్ళే ఆ తిరుపతే. ఉపాధ్యాయులు ఈ లెక్కను క్లాసులో వేయించవచ్చు: రోజుకు 1,440 నిమిషాలు, దాన్ని 833తో భాగించాలి. రాత్రీ పగలూ ఆగకుండా నిలబడినా ఒక్కో కంటికి రెండు నిమిషాలు కూడా రావు. 1956లో పద్మశ్రీ, 1968లో పద్మభూషణ్ వచ్చాయి. 1993 నాటికి ఆయన చేసిన ఆపరేషన్లు 6 లక్షలు దాటాయని గిన్నిస్ పుస్తకమే రాసింది. బెంగళూరులో ఆయన పేరిట కంటి ఆసుపత్రి ఉంది, ఆ రోడ్డుకూ ఆయన పేరే. 2005 నవంబరులో కన్నుమూశారు.

ఆ వేగం చూసి మాకు ఆశ్చర్యమే, గౌరవమే. అయితే ఆయన తప్పు లేకుండానే ఆ కాలపు ఆపరేషన్‌కు ఒక పెద్ద లోటు ఉండేది. అది అర్థం కావాలంటే అసలు పొర ఏమిటో చూడాలి.

పొర అన్నది పేరు మాత్రమే. కంటి పైన ఏదీ కప్పుకోదు. నల్లగుడ్డు వెనుక గాజులాంటి కటకం ఒకటి ఉంటుంది, వెలుతురును కంటి వెనుక తెర మీద పడేట్టు చేసేది అదే. వయసుతో ఆ కటకంలోని మాంసకృత్తులు గడ్డకట్టి మసకబారుతాయి. గుడ్డు ఉడికితే తెల్లసొన తెల్లబడినట్టు అనుకోండి. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చి కాదు కదా. అందుకే ఆకు పసరు పిండినా, తేనె వేసినా, ఏ చుక్కలు వేసినా పొర కరగదు. పసరు వల్ల కన్ను చీము పట్టే ప్రమాదం మాత్రం ఉంది. షుగరు, కంటి దెబ్బ, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్ మందులు పొరను తొందరగా తెస్తాయి.

ఆనాటి ఆపరేషన్‌లో కంటి అంచున పెద్ద కోత పెట్టి కటకాన్ని తీసేసేవారు. దాని చోటులో ఏమీ పెట్టేవారు కాదు. ఆ లోటు తీర్చడానికి సోడాబుడ్డి కళ్ళద్దాలు. వాటితో వస్తువులు దాదాపు పావు వంతు పెద్దగా కనబడేవి, పక్కనుంచి వచ్చేది కనబడేది కాదు. అద్దాలు పగిలితే మళ్ళీ చీకటే. ఒక కంటికే చేస్తే రెండు కళ్ళకూ రెండు సైజుల బొమ్మలు. పైగా ఆపరేషన్ తరువాత రోజుల తరబడి కట్టు కట్టుకుని కదలకుండా పడుకోవాలి. ఇంత కష్టం ఉన్నప్పుడు, కొంచెం మసక ఉన్న మనిషికి కోత పెడితే లాభం కంటే నష్టమే ఎక్కువ. కాబట్టి పూర్తిగా ముదిరేదాకా ఆగమన్నారు. ఆ సలహా మన ఇళ్ళలో అట్లే నిలిచిపోయింది.

సలహా నిలిచిపోయింది, ఆపరేషన్ మారిపోయింది. యుద్ధంలో విమానం అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని తట్టుకుందని గమనించిన హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండన్‌లో అలాంటి ప్లాస్టిక్‌తోనే చేసిన కటకాన్ని మొదటిసారి కంట్లో అమర్చాడు. మన దేశంలో పేదలకు అది చాలాకాలం అందలేదు. 1992లో మధురైలో డాక్టర్ వెంకటస్వామి నెలకొల్పిన అరవింద్ సంస్థ సొంతంగా లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టాక ధర బాగా దిగింది.

ఇప్పుడు ముందుగా కన్ను కొలిచి ఏ పవర్ లెన్సు కావాలో తేలుస్తారు. బీపీ, షుగరు చూస్తారు. మత్తు చుక్కలో, కంటి పక్కన ఒక ఇంజెక్షనో ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. వెలుతురు, నీళ్ళు, కొంచెం ఒత్తిడి తెలుస్తాయి, నొప్పి పెద్దగా ఉండదు. రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం నుంచి, లేదా ఆరేడు మిల్లీమీటర్ల చిన్న కోత నుంచి మసక కటకాన్ని తీసి, దాని సంచిలోనే కొత్త లెన్సు పెడతారు. ఎక్కువమందికి కుట్లు పడవు, అదే రోజు ఇంటికి వస్తారు. రెండో కంటికి మరో రోజు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అంధత్వ నివారణ కార్యక్రమం కింద ఇది ఉచితం.

అందుకే ఇప్పుడు ముదిరేదాకా ఆగడమే ప్రమాదం. మరీ ముదిరిన కటకం గట్టిపడి తీయడం కష్టమవుతుంది. ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి విపరీతమైన నొప్పితో ఉన్న చూపూ పోతుంది. పోగు దొరకడం లేదు, బస్సు బోర్డు కనబడడం లేదు, ఎదురు లైటు కళ్ళలో చెదురుతోంది అంటే ఆ రోజే చూపించాలి.

మరీ ఎక్కువా ఆశించకూడదు. మామూలు లెన్సు దూరానికే పెడతారు, పేపరు చదవడానికి అద్దాలు కావాలి. షుగరు వల్ల తెర పాడైనా, నీటికాసుల జబ్బు ఉన్నా ఈ ఆపరేషన్ దాన్ని బాగు చేయదు. కొందరికి నెలలో, ఏళ్ళో గడిచాక లెన్సు వెనుక సంచి మసకబారుతుంది. లేజర్‌తో కాసేపట్లో సరిచేస్తారు. మళ్ళీ పొర వచ్చిందని భయపడనక్కరలేదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. పొర పిల్లలకూ వస్తుంది, పుట్టుకతో కూడా. నల్లగుడ్డు మధ్య తెల్లగా కనబడినా, మెల్లకన్ను వచ్చినా తల్లిదండ్రులను వెంటనే కంటి డాక్టరు దగ్గరకు పంపండి. పిల్లల్లో ఆలస్యమైతే మెదడు ఆ కంటితో చూడడమే నేర్చుకోదు, తరువాత ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాదు.

ఇంట్లో ఆపరేషన్ అయిన అవ్వకో తాతకో నాలుగు నుంచి ఆరు వారాలు చుక్కలు వేయాలి. ఈ పని చదువుకునే పెద్ద పిల్లలకు అప్పగించవచ్చు. సబ్బుతో చేతులు కడగాలి, కింది రెప్ప లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక చుక్క వేయాలి. వేసిన సమయం నోటు పుస్తకంలో రాసుకోవాలి. డాక్టరు చెప్పేదాకా తలస్నానం, కన్ను నలపడం, పొగలో కూర్చోవడం వద్దు. నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, వచ్చిన చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.