పీటర్ మార్క్ రోజే: ఆంగ్ల పర్యాయపద కోశకర్త

గోడను దాటి ముందునకు వచ్చిన చూరు, కొండకొమ్మున లోయపైకి ఒరగిన బండ, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన భూశిరము, పెదవిని దాటి వచ్చిన పండ్లు: వీనిని చెప్పుటకు ఆంగ్లభాషలో క్రియలు అనేకములు కలవు. జట్, ప్రొజెక్ట్, ప్రొట్రూడ్, బల్జ్, బీటిల్, ఓవర్‌హ్యాంగ్ అనునవి వానిలో కొన్ని. సామాన్య నిఘంటువు వీనిని అక్షరక్రమమున చెదరగొట్టును. పదము తెలిసినవానికి అది అర్థము చెప్పును గాని, అర్థము తెలిసి పదమునకై వెదకువానికి దారి చూపదు. ఈ కొరతను తీర్చుటకు పూనుకొన్నవాడు భాషాశాస్త్రజ్ఞుడు కాడు, వైద్యుడు. అతడే పీటర్ మార్క్ రోజే.

రోజే 1779 జనవరి 18న లండను నగరమున జన్మించెను. తండ్రి జా రోజే జెనీవా వాస్తవ్యుడు. లండనులోని ఫ్రెంచి ప్రొటెస్టెంటు సంఘమునకు మతాచార్యుడు. 1783లో అతడు క్షయవ్యాధిచే మరణించునప్పటికి కుమారునకు నాలుగేండ్లు. తల్లి కేథరిన్, మేనమామ శామ్యూల్ రోమిలీ బాలుని పెంచిరి. రోమిలీ న్యాయవాదిగను, కఠినమైన శిక్షాస్మృతిని సంస్కరింప యత్నించిన పార్లమెంటు సభ్యుడుగను ప్రసిద్ధుడు. రోజే పదునాలుగవ యేట ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, 1798లో పందొమ్మిదవ యేట వైద్యమున డాక్టరు పట్టము పొందెను.

1802లో ఒక మాంచెస్టరు వర్తకుని కుమారులకు గురువై వారిని వెంటబెట్టుకొని యూరపు ఖండమునకు వెళ్ళెను. 1803లో ఇంగ్లండునకు, ఫ్రాన్సునకు యుద్ధము మరల మొదలగుటతో, నాడు ఫ్రెంచి పాలనలోనున్న జెనీవాలోని ఆంగ్లేయులు నిర్బంధమునకు గురియైరి. తండ్రి పుట్టుకనుబట్టి తాను జెనీవా పౌరుడనని నిరూపించుకొని రోజే బయటపడెను. 1804లో మాంచెస్టరు ఆసుపత్రిలో వైద్యుడయ్యెను. మరుసటి యేడు, రచనలో తనకు తోడ్పడుటకై, సుమారు పదునైదు వేల పదములను భావముల ననుసరించి వర్గీకరించిన ఒక వ్రాతప్రతిని సిద్ధపరచుకొనెను. అది నలువది యేడేండ్లు అచ్చునకు పోలేదు.

1808లో రోజే లండను చేరెను. 1815లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఘాతములను, మూలములను గణించుటకు వీలైన ఒక జారుడుబద్దను అతడు కల్పించెను. నిలువు సందులగుండ చూచినపుడు తిరుగు చక్రపు ఆకులు వంగినట్లు కనబడుటను గూర్చి 1824లో ఒక వ్యాసమును సమర్పించెను. 1827 నుండి 1848 వరకు ఆ సంస్థకు కార్యదర్శిగా నుండెను. 1834లో జంతువుల, వృక్షముల శరీరధర్మములను గూర్చిన పెద్ద గ్రంథమును వెలువరించెను. జీవజాలమును తరగతులుగా విభజించి చూచు ఈ అలవాటే తరువాత పదజాలమునకు అన్వయించినది.

ఇంటిలో మాత్రము శాంతి కరవు. 1818 అక్టోబరు 29న మేనత్త గతించెను. ఆ దుఃఖమును భరింపజాలక నవంబరు 2న రోమిలీ ఆత్మహత్య చేసికొనెను. చికిత్స చేయుచుండిన మేనల్లుడు అతనిని కాపాడజాలకపోయెను. 1833లో భార్య మేరీ, కుమార్తెను, కుమారుని విడిచి మరణించెను. మాతృవంశమున మనోవ్యాధి జాడలు ఉండెను. చిన్ననాటినుండి పట్టికలు వ్రాయుట రోజేకు మనస్సును కుదుటపరచు ఆలంబనమైనదని జీవితచరిత్రకారులు కొందరు భావించిరి.

కార్యదర్శి పదవినుండి విరమించిన పిదప, 1849లో, డెబ్బదవ యేట అతడు పాత వ్రాతప్రతిని వెలికితీసెను. మూడేండ్ల కృషి ఫలితముగా 1852లో లాంగ్‌మన్ సంస్థ ద్వారా 'థిసారస్' వెలువడెను. గ్రీకు మూలమగు ఆ నామమునకు నిధి యని యర్థము. మన 'కోశ' శబ్దమునకును ఆ యర్థము కలదు. అమూర్త సంబంధములు, దేశము, ద్రవ్యము, బుద్ధి, సంకల్పము, అనుభూతులు అని వర్గములు ఆరు; వానిలో శీర్షికలు వేయి. పరస్పర విరుద్ధ భావములు ఎదురెదురు వరుసలలో నిలుచును.

ముందునకు పొడుచుకొనివచ్చుటను తెలుపు పదములను ఈ కోశమున వెదకినచో దాని పద్ధతి స్పష్టమగును. అవి ప్రధానముగా దేశవర్గమున, ఆకృతి విభాగమున, కుంభాకారత యను శీర్షిక క్రింద నున్నవి. దానికి విరుద్ధము పుటాకారత. ముక్కు, చూరు, గుమ్మటము, అలల నాపు కట్ట అచ్చట ఒకే పంక్తిని కూర్చుండును. కాని 'హ్యాంగ్ ఓవర్' అను పదబంధము అచటనే ఆగదు. ఎత్తును చెప్పునపుడు ఉన్నతి శీర్షికకును, రానున్న ఆపదను చెప్పునపుడు భవితవ్యమునకును అది పోవును. 'ప్రామినెంట్' ఆకృతిని విడిచి ప్రాముఖ్యములో చేరును. 'ఇమినెంట్' భవితవ్యములో నిలుచును. ఈ రెండును లాటినులో ముందుకు పొడుచుకొనివచ్చుట, పైకి ఒరగియుండుట యను అర్థములుగల సజాతీయ క్రియలనుండి పుట్టినవి. అదే కుదురునకు చెందిన 'మినాయె' అను లాటిను శబ్దమునకు గోడ శిఖరములనియు, బెదరింపులనియు రెండర్థములు. తలపైకి ఒరగినది భయపెట్టును. ఆకృతి ఆపదయగుటకు ఇదియే మార్గము. రోజే ఈ వ్యుత్పత్తిని అనుసరింపలేదు. వాడుకలోని భావమును బట్టి ఒక్కొక్క పదమునకు ఎన్ని చోట్లు కావలెనో అన్ని చోట్లు ఇచ్చెను. విడిపోయిన వానిని మరల కలుపుపని గ్రంథాంతమందలి అకారాది సూచికది. ఒకచోట చేరిన పదములన్నియు సమానార్థకములని అతడు చెప్పలేదు. వాని నడుమ ఎన్నుకొను భారమును రచయితకే వదలెను.

తనకు పూర్వమున్న ఇట్టి గ్రంథములను పేర్కొనుచు రోజే అమరకోశమును ప్రాచీనతమముగా గుర్తించెను. కోల్‌బ్రూకు ఆంగ్లానువాదముతో 1808లో శ్రీరాంపూరున అచ్చయిన ప్రతి అతనికి తెలియును. అయితే అందలి వర్గీకరణము, ముఖ్యముగా అమూర్త భావముల విషయమున, మిక్కిలి అసంపూర్ణమని తీర్పు చెప్పెను. ఈ తీర్పు అమరసింహుని ఉద్దేశమును గణింపలేదు. అమరుడు నామములను, వాని లింగములను కంఠస్థము చేయుటకు శ్లోకబద్ధము గావించెను. చూరునకు పేర్లగు వలీక, నీధ్ర శబ్దములు పురవర్గమున ఇంటితోపాటు నుండును; బొజ్జగలవానిని తెలుపు తుందిల శబ్దము మనుష్యవర్గమున నుండును. అమరుని దృష్టిలో పొడుచుకొనివచ్చినది తన ఆశ్రయమును విడువదు. రోజే దృష్టిలో ఆశ్రయమును విడిచి ఆకృతి నాశ్రయించును. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులతో అమరుని బాటనే నడచినది. వస్తువుల పేర్లకు ఆ బాట సుగమము. క్రియలకు, అమూర్త భావములకు రోజే బాట సుగమము.

రోజే తన కోశమును తుదివరకు సవరించుచునే యుండెను. 1869 సెప్టెంబరు 12న పశ్చిమ మాల్వర్నులో తొంబదవ యేట మరణించెను. కుమారుడు జాన్ లూయీ సూచికను విస్తరించి 1879లో నూతన ముద్రణమును వెలువరించెను. తరువాత మనుమడు శామ్యూల్ రోమిలీ రోజే సంపాదకత్వము వహించెను.

రెండు మూడు భాషల పదములను ఒకే భావక్రమమున ప్రక్కప్రక్కన నిలుపు కోశములు పుట్టవలెనని రోజే ఆశించెను. హిందీలో అరవింద కుమార్, కుసుమ కుమార్ దంపతుల సమాంతర కోశము 1996లో వెలువడినది. భారతీయ భాషలన్నిటికిని అట్టి ఉమ్మడి కోశము కూర్ప పూనుకొనువారు రోజే శీర్షికలను యథాతథముగ గ్రహింప నక్కరలేదు. అమరుని వర్గములకే కట్టుబడ నక్కరలేదు. చూరు ఇంటితో నుండవలెనా, ఆకృతితో నుండవలెనా యను ప్రశ్నను ప్రతి పదమునకును వేసికొనవలెను. రెండు చోట్లను చూపగల కోశమే పదమునకై వెదకువానికి దారి చూపును.